ముప్ఫై అయిదు శాతం దగ్గర వెనుదిరిగే అప్‌డేట్

ప్రశ్న: విశాఖపట్నం అల్లిపురంలో చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు చేస్తాం. 2019లో కొన్న డెస్క్‌టాప్‌లో ఇప్పుడు విండోస్ 11 ఉంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అవి పనిచేయడానికి కంప్యూటర్‌కు తగిలించే హార్డ్‌వేర్ లాక్ అన్నీ అందులోనే ఉన్నాయి. మూడు నెలలుగా నెలవారీ అప్‌డేట్ ఎక్కడం లేదు. డౌన్‌లోడ్ నూరు శాతం పూర్తవుతుంది, రీస్టార్ట్ అడుగుతుంది, నీలి తెర మీద 35 శాతం దాకా వెళ్లి ‘మార్పులను రద్దు చేస్తున్నాం’ అంటూ మళ్లీ పాత స్థితికి వస్తుంది. హిస్టరీలో 0ఎక్స్800ఎఫ్0922 అనే కోడ్ కనిపిస్తోంది. మొదటిసారి ఇలా జరిగినప్పుడు గంట సేపు చూసి, విసుగొచ్చి స్విచ్ ఆపేశాను. సి డ్రైవ్‌లో 6 జీబీ ఖాళీ ఉంది. సిస్టమ్ తెరుచుకోవడానికి కూడా పది నిమిషాలు పడుతోంది. చూపిస్తే ఫార్మాట్ తప్ప మార్గం లేదన్నారు. శ్రావణ ముహూర్తాల ఆర్డర్లు మొదలవుతున్నాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, అల్లిపురం

సమాధానం: అమ్మా, ముందుగా ఫార్మాట్ ఆలోచనను పక్కన పెట్టండి. ఫార్మాట్ చేస్తే ఈ అప్‌డేట్ బహుశా ఎక్కుతుంది, ఆ మాట చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. అయితే మీ షాపులో అసలు విలువ ఉన్నది విండోస్‌లో కాదు, దాని మీద ఏళ్లుగా అమర్చుకున్న పనిముట్లలో. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాని సీడీ, సీరియల్ నంబరు ఈ రోజు మీ చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి. అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు కాబట్టి, అవి లేని కంప్యూటర్‌లో మీ పాత శుభలేఖ తెరిస్తే ‘చిరంజీవి’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫార్మాట్‌కు అరపూట చాలు. ఆ తర్వాత లాక్ డ్రైవర్, ఫాంట్లు, కీబోర్డు అమరిక, ప్రింటర్ రంగుల సర్దుబాటు మళ్లీ దారిలో పడేసరికి శ్రావణం సగం గడిచిపోతుంది. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే అంత దూరం వెళ్లవలసిన అవసరం కూడా నాకు కనిపించడం లేదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం ‘డౌన్‌లోడ్ నూరు శాతం పూర్తవుతుంది’ అన్నది. అప్‌డేట్ ఎక్కడం ఒక్క అడుగులో జరిగే పని కాదు. ముందు ఫైళ్లు దిగుతాయి. వాటి మీద ఉన్న డిజిటల్ సంతకాలను విండోస్ సరిచూస్తుంది. మీరు పని చేసుకుంటూ ఉండగానే వెనుక కొంత అమరిక సాగుతుంది. వాడుకలో ఉన్న ఫైళ్లను అప్పటికప్పుడు మార్చడం కుదరదు కాబట్టి మిగిలిన భాగం రీస్టార్ట్ సమయంలో, నీలి తెర వెనుక జరుగుతుంది. అక్కడ ఏ ఒక్క మార్పు విఫలమైనా విండోస్ సగం కొత్తగా, సగం పాతగా మిగిలిపోకుండా మొత్తాన్నీ వెనక్కి తిప్పేస్తుంది. అంటే మీరు చూసిన ఆ రద్దు తెర మీ కంప్యూటర్‌ను కాపాడుతున్న తెరే, దాన్ని మధ్యలో ఆపడమే ప్రమాదం. మీది ఈ చివరి దశలో ఆగుతోంది గనుక ఇంటర్నెట్ వేగానికీ దీనికీ సంబంధం లేదు. యూట్యూబ్ వీడియోల్లో అందరూ మొదట చెప్పే చిట్కా, అంటే అప్‌డేట్ సర్వీసులు ఆపి సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డరు ఖాళీ చేయడం, డౌన్‌లోడ్ దగ్గరే చిక్కుకున్నవారికి ఉపయోగపడుతుంది. మీ విషయంలో దానివల్ల అవే ఫైళ్లు మళ్లీ దిగి, అదే 35 శాతం దగ్గర ఆగుతాయి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైటు నుంచి ఫైలును విడిగా దింపుకొని నడిపినా ఇదే జరిగే అవకాశం ఎక్కువ.

మీరు చూసిన కోడ్‌కు మైక్రోసాఫ్ట్ చెప్పే కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, కంప్యూటర్ అప్‌డేట్ సర్వర్లను అందుకోలేకపోవడం. ఇంటర్నెట్‌ను మరో సర్వరు మీదుగా మళ్లించే వీపీఎన్ వాడేవారిలో ఇది కనిపిస్తుంది. మీరు వీపీఎన్ మాట రాయలేదు, డౌన్‌లోడ్ కూడా సజావుగా ఉంది కాబట్టి దీన్ని వదిలేద్దాం. రెండోది, కంప్యూటర్ మొదలవడానికి అవసరమైన ఫైళ్లు దాచుకునే చిన్న సిస్టమ్ పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగంలో, చోటు చాలకపోవడం. ఈ రెండింటికీ తోడు, విండోస్ సొంత ఫైళ్ల భాండాగారం చెడిపోయి ఉన్నా ఇదే కోడ్ రావచ్చు. మొదటిసారి మీరు మధ్యలో స్విచ్ ఆపేశారన్న మాట చదివాక నా అనుమానం ఎక్కువగా దీని మీదికే పోతోంది. అందరం చేసే పనే కాబట్టి దానికి నొచ్చుకోవద్దు.

ఏ మరమ్మతుకైనా ముందు మీ డిస్క్ ఆరోగ్యం తెలియాలి. తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టే 2019 నాటి కంప్యూటర్ అంటే అందులో తిరిగే హార్డ్ డిస్కే ఉండి ఉంటుందని, దాని వయసు కూడా మీద పడి ఉంటుందని ఊహిస్తున్నాను. అప్‌డేట్ అంటే వేల ఫైళ్లు చదివి, వేల ఫైళ్లు రాయడం. రోజువారీ పనిలో తగలని చెడు సెక్టారు ఆ వేల ఫైళ్లలో ఎక్కడో ఒకచోట తగులుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే డిస్క్ పరిస్థితిని ‘గుడ్’ అనో, ‘కాషన్’ అనో, ‘బ్యాడ్’ అనో చూపిస్తుంది. ‘గుడ్’ తప్ప మరేది కనిపించినా అప్‌డేట్ సంగతి మరచిపోయి, ముందు ఫైళ్ల కాపీ తీసుకోండి. ఆ తర్వాత ద్వారకానగర్‌లోనో, మీకు నమ్మకమైన మరోచోటో కొత్త ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, కొని, పాత డిస్క్‌ను దాని మీదికి క్లోన్ చేయించండి. ‘ఫార్మాట్ కాదు, క్లోన్’ అని ఆ మాటనే వాడి చెప్పండి. క్లోన్‌లో పేజ్‌మేకర్, ఫాంట్లు, లాక్ డ్రైవర్ ఉన్నవి ఉన్నట్టే కొత్త డిస్క్ మీదికి వస్తాయి. పది నిమిషాల నిరీక్షణ కూడా ఒక్క నిమిషం లోపుకు దిగుతుంది. డిస్క్ ‘గుడ్’ అని తేలినా ఎస్‌ఎస్‌డీ మార్పిడి మీ షాపుకు పెట్టదగిన ఖర్చే అని నా అభిప్రాయం, అయితే అది ఈ వారం పని కానక్కరలేదు.

కాపీ ఎలాగూ తీయాలి. పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటిలో వాడిన ఫొటోలు, అను ఫాంట్ల ఇన్‌స్టాలర్, సీరియల్ నంబర్లు రాసిన కాగితం ఫొటో, ఇవన్నీ ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి. కాపీ తీశాక కనీసం రెండు మూడు ఫైళ్లయినా మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అలాగే సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’, అంటే డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు, ఆన్‌లో ఉందేమో గమనించండి. ఉంటే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. సిస్టమ్ పార్టిషన్‌ను కదిలించిన తర్వాత కంప్యూటర్ ఆ కీని అడగవచ్చు. అప్పుడు అది దొరకకపోతే ఫార్మాట్ కన్నా పెద్ద చిక్కు.

తరువాత సి డ్రైవ్. 6 జీబీ చాలదు. కనీసం 20 జీబీ ఖాళీ ఉంచుకోమంటాను. డీటీపీ షాపుల్లో డెస్క్‌టాప్ మీద పెట్టిన ‘పెళ్లి కార్డులు కొత్తవి’, ‘కొత్తవి 2’, ‘ఫైనల్’, ‘ఫైనల్ ఫైనల్’ ఫోల్డర్లన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయి. వాట్సాప్‌లో కస్టమర్లు పంపే ఫొటోలూ అక్కడికే చేరతాయి. వాటిని డి డ్రైవ్‌లోకి మార్చండి. ఆ పైన సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, అందులో ‘స్టోరేజ్’, అందులో ‘టెంపరరీ ఫైల్స్’ తెరిస్తే తీసేయదగినవాటి జాబితా వస్తుంది. జాగ్రత్త, ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కూడా ఉంటుంది. తాత్కాలిక ఫైళ్లే కదా అని ఒకసారి అన్నిటికీ టిక్ పెట్టి, మా బంధువుల ఉపనయనం ఆహ్వానపత్రిక ప్రూఫును పోగొట్టుకున్నవాణ్ని నేనే. ఆ ఒక్క టిక్ తీసేసి మిగతావి నిశ్చింతగా తొలగించవచ్చు.

ఇక అసలు మరమ్మతు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే ‘టెర్మినల్ అడ్మిన్’ కనిపిస్తుంది, దాన్ని తెరవండి. అందులో ఇంగ్లీషు అక్షరాలతో ఒక ఆదేశం టైపు చేయాలి. ముందు డి, ఐ, ఎస్, ఎమ్ అనే నాలుగు అక్షరాలు. ఒక ఖాళీ వదిలి స్లాష్, దానికి ఆనించి ‘ఆన్‌లైన్’. మళ్లీ ఖాళీ వదిలి స్లాష్, ‘క్లీనప్’, అడ్డగీత, ‘ఇమేజ్’. మళ్లీ ఖాళీ వదిలి స్లాష్, ‘రిస్టోర్‌హెల్త్’ అని రెండు మాటలూ కలిపి. ప్రతి స్లాష్‌కు ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. అందరూ తడబడేది అక్కడే. ఇది విండోస్ భాండాగారంలో చెడిన ఫైళ్లను వెతికి, వాటి మంచి ప్రతులను మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి తెచ్చి సరిచేస్తుంది. ఇందుకు ఇంటర్నెట్ కావాలి. 62.3 శాతం దగ్గర చాలా సేపు కదలకుండా నిలబడటం దీనికి పాత అలవాటు. మీది పాత డిస్క్ కాబట్టి అక్కడే అరగంట పట్టినా కంగారుపడి కిటికీ మూయకండి. పని విజయవంతంగా ముగిసిందన్న వాక్యం వచ్చాక రెండో ఆదేశం: ఎస్, ఎఫ్, సి, ఒక ఖాళీ, స్లాష్, ‘స్కాన్‌నౌ’ కలిపి. మొదటిది భాండాగారాన్ని బాగుచేస్తే, రెండోది ఆ భాండాగారంలోని మంచి ఫైళ్లను తెచ్చి వాడుకలో ఉన్న చెడు ఫైళ్ల స్థానంలో పెడుతుంది. చెడిన భాండాగారం నుంచి తెచ్చేది కూడా చెడ్డదే కాబట్టి ఈ వరుసను తారుమారు చేయకూడదు.

ఇది ముగిశాక ఒకసారి రీస్టార్ట్ చేసి, అప్‌డేట్‌ను మళ్లీ ప్రయత్నించండి. ఈసారి మీటకు ముందు రెండు మూడు జాగ్రత్తలు పాటించండి. కంప్యూటర్‌కు కీబోర్డు, మౌస్, మానిటర్, ఇంటర్నెట్ తప్ప మరేమీ తగిలించి ఉంచవద్దు. పెన్‌డ్రైవ్‌లు, కార్డు రీడర్, ప్రింటర్లు, ముఖ్యంగా అను లాక్, అన్నిటినీ తీసేయండి. పాత హార్డ్‌వేర్ లాకుల డ్రైవర్లు విండోస్ లోతుల్లో పనిచేస్తాయి కాబట్టి పెద్ద మార్పుల వేళ అవి అడ్డుపడే అవకాశం ఉంటుంది. బయటి కంపెనీ యాంటీవైరస్ ఏదైనా ఉంటే దాని లైసెన్సు వివరాలు రాసుకొని, ఆ పూటకు పూర్తిగా తొలగించండి. అది లేని కాసేపూ విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ తనంతట తాను కాపలాకు దిగుతుంది. వర్షాకాలం గాలులకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కనుక యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే పరీక్షించుకోండి. పది నిమిషాలకే కూలబడే యూపీఎస్ అయితే వాతావరణం ప్రశాంతంగా ఉన్న ఆదివారం ఉదయం మొదలుపెట్టండి. ఒకసారి మొదలయ్యాక రెండు గంటలు పట్టినా స్విచ్ జోలికి వెళ్లవద్దు.

పోయిన మూడు నెలల అప్‌డేట్లూ ఒక్కొక్కటిగా ఎక్కించాలేమోనని మీకు సందేహం ఉండవచ్చు. అక్కరలేదు. ఈ నెలవారీ అప్‌డేట్లలో ప్రతిదీ తన ముందువాటిని కలుపుకొనే వస్తుంది కాబట్టి తాజాది ఒక్కటి ఎక్కితే చాలు. అమెరికాలో ప్రతి నెలా రెండో మంగళవారం ఇవి విడుదలవుతాయి. అప్పటికి మనకు రాత్రి పదిన్నర దాటుతుంది గనుక మీకు బుధవారం పొద్దున షాపు తెరిచేసరికి కనిపిస్తాయి.

అప్పటికీ అదే కోడ్ వస్తే సిస్టమ్ పార్టిషన్‌ను అనుమానించాలి. ఈ భాగం మాత్రం కొంచెం అనుభవమున్న వారి చేత చేయించండి, వారికి ఈ పేరా చూపించండి. ఈఎఫ్ఐ పార్టిషన్ అని కూడా పిలిచే దీని పరిమాణం మామూలుగా 100 ఎంబీ. కంప్యూటర్ తయారీదారుల ఫర్మ్‌వేర్ ఫైళ్లు, బూట్ తెరల కోసం ఉంచిన రకరకాల భాషల ఫాంట్లు అందులో చోటు తింటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూసి ‘నూరు శాతం ఖాళీ’ అని ఉంది కదా అని వదిలేయకూడదు. ఆ పార్టిషన్ విషయంలో అక్కడ కనిపించే లెక్కను నమ్మలేం. ‘మౌంట్‌వాల్’ ఆదేశంతో దానికి వై అనే డ్రైవ్ అక్షరం తగిలించి లోపల చూస్తేనే నిజం తెలుస్తుంది. అందులో ఈఎఫ్ఐ, మైక్రోసాఫ్ట్, బూట్ ఫోల్డర్ల లోపల ‘ఫాంట్స్’ అనే ఫోల్డరు ఉంటుంది. దాని కాపీ ఒకటి తీసి ఉంచుకొని, అందులోని ఫైళ్లను తొలగించి చోటు చేయడమన్నది మైక్రోసాఫ్ట్ స్వయంగా సూచించిన పద్ధతే. ఫాంట్లు తీసేయమన్నానని గుండె జారనివ్వకండి. అవి కంప్యూటర్ మొదలయ్యే తెరల కోసం ఉన్నవి మాత్రమే. మీ అను ఫాంట్లు విండోస్‌లో వేరేచోట భద్రంగా ఉంటాయి. ఆ పార్టిషన్‌లో ఇంకే ఫైలునూ ముట్టుకోకూడదని మాత్రం చేసేవారికి గట్టిగా చెప్పండి. అక్కడ ఒక్క పొరపాటు జరిగినా కంప్యూటర్ తెరుచుకోదు.

ఇంతవరకు వచ్చాక కూడా మొండికేస్తే చివరి మందు ఒకటుంది. ఫార్మాట్ చేయమన్న చాలామంది దీన్ని ఎందుకు చెప్పరో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, అందులో ‘రికవరీ’ తెరిస్తే ‘ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్’ అని ఒక వరుస, దాని ఎదురుగా ‘రీఇన్‌స్టాల్ నౌ’ అనే మీట కనిపిస్తాయి. అది విండోస్‌ను తాజాగా దింపుకొని, ఉన్నదాని మీదే మళ్లీ పరుస్తుంది. మీ ప్రోగ్రాములు, ఫైళ్లు, అమరికలు అలాగే ఉంటాయి. అదే పేజీలో ‘రీసెట్ దిస్ పీసీ’ అని మరో మీట ఉంటుంది. పేరు అమాయకంగా ఉన్నా, దాన్ని నొక్కి ‘నా ఫైళ్లు ఉంచు’ అని ఎంచుకున్నా పేజ్‌మేకర్‌తో సహా మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ఈ రెండు మీటల మధ్య తేడాయే మీకు ఫార్మాట్ తప్పడానికీ తప్పకపోవడానికీ తేడా.

ఆ వరుస మీ కంప్యూటర్‌లో కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ 11 ఐఎస్ఓ ఫైలు, అంటే ఇన్‌స్టాలేషన్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉన్నది, దింపుకొని, విండోస్ నడుస్తుండగానే దాన్ని తెరిచి సెటప్ నడిపినా అదే ఫలితం వస్తుంది. ‘వ్యక్తిగత ఫైళ్లూ యాప్‌లూ ఉంచు’ అన్న ఎంపిక వెలుగులో ఉందో లేదో చూసుకున్నాకే ముందుకు సాగండి. అది మసకబారి ఉంటే భాష తేడా వచ్చిందేమో చూడాలి. మైక్రోసాఫ్ట్ లెక్కలో ‘ఇంగ్లీషు యునైటెడ్ స్టేట్స్’ వేరు, ‘ఇంగ్లీషు ఇంటర్నేషనల్’ వేరు. మీ విండోస్ ఏ ఇంగ్లీషుతో మొదట ఎక్కిందో ఐఎస్ఓ కూడా అదే అయి ఉండాలి. అక్కడ ఆగిపోయి, సరైన ఫైలు దింపుకొని మళ్లీ మొదలుపెట్టండి.

అసలు అప్‌డేట్ మానేసి ఇలాగే పని నడుపుకోవచ్చా అని మీరు అడగలేదు గాని, అడిగి ఉంటే వద్దనే అనేవాణ్ని. రోజంతా ఊళ్లో అందరి పెన్‌డ్రైవ్‌లూ గుచ్చుకునే కంప్యూటర్ మీది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు, అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ అప్పటికి దాదాపు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చి ఉంది. దాన్ని ఎక్కించుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా కొన్ని ఉన్నాయి.

అలాగని రేపే చేయనక్కరలేదు. ‘విండోస్ అప్‌డేట్’ పేజీలో ‘పాజ్ అప్‌డేట్స్’ దగ్గర అయిదు వారాల వరకు వాయిదా వేసుకునే వీలుంది. ఇప్పుడు ఒక వారం పాజ్ పెట్టి రోజూ సాయంత్రం వచ్చే ఆ రీస్టార్ట్ పోరు వదిలించుకోండి. ఈ వారంలో కాపీ, డిస్క్ పరీక్ష, సి డ్రైవ్ ఖాళీ చేయడం పూర్తి చేసి, ఆషాఢం వెళ్లకముందే ఒక ఆదివారం మరమ్మతుకు కూర్చోండి. అది ఫలించకపోతే మిగిలిన వారాలకు మళ్లీ పాజ్ పెట్టి శుభలేఖలు కానిచ్చుకోండి, ‘రీఇన్‌స్టాల్ నౌ’ మీటను ముహూర్తాల తాకిడి తగ్గాక నొక్కవచ్చు. ఈలోగా కోడ్ మారినా, ఆగే శాతం మారినా ఆ రెండు అంకెలూ, డిస్క్ ‘గుడ్’ అందో ‘కాషన్’ అందో కూడా రాసి పంపండి.